మూడు నెలల గడువు

లోక్ అదాలత్ తేదీ దగ్గరపడిందంటే చాలు, కోర్టుల దగ్గరా పోలీస్ స్టేషన్ల ముందూ 'రాజీమార్గమే రాజమార్గం' అన్న ఫ్లెక్సీలు వెలుస్తాయి. క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసే లాయర్ని. ఆ మాటతో నాకు పేచీ లేదు. కాకపోతే రాజీ కుదర్చడం వేరు, నిలబడే రాజీ రాయడం వేరు.

చెక్ బౌన్స్ కేసులు సులువు. గొడవంతా డబ్బుదే. లోక్ అదాలత్‌లో ఒప్పుకున్న సొమ్ము ఎగ్గొడితే ఆ అవార్డును సివిల్ డిక్రీలా అమలు చేయించుకోవచ్చని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

చిక్కల్లా 498ఏ సెక్షన్‌తోనే. భార్యను వేధించడం ఒకప్పుడు రాజీకి వీల్లేని నేరం. వీల్లేదన్నంత మాత్రాన జనం ఆగుతారా? పెద్దమనుషుల దగ్గర పంచాయితీ తెగేది, డబ్బు చేతులు మారేది. తర్వాత అమ్మాయి బోనెక్కి "వాళ్లు నన్నేమీ అనలేదండీ" అనేది. వెనకాలే వచ్చిన తండ్రిదీ అదే పాట. సాక్షులు ఎదురు తిరిగారని కేసు కొట్టేసేవారు. అది ప్రమాణం చేసి ఆడిన అబద్ధమని కోర్టు హాల్లో అందరికీ తెలుసు. ఆమెకు ఎంత ముట్టింది, ఎవరైనా ఒత్తిడి చేశారా అని అడగడానికి మాత్రం దారి లేదు. రికార్డులో రాజీ అన్నదే లేదాయె!

2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్రిమినల్ ప్రొసీజర్ చట్టాన్ని సవరించుకుంది. కోర్టు అనుమతితో భార్య రాజీ పడొచ్చంది. అయితే అర్జీ పెట్టాక కనీసం మూడు నెలలు ఆగాలంది. ఈలోగా ఎవరూ వెనక్కి తగ్గకపోతేనే కోర్టు ఒప్పుకోవచ్చంది.

ఆ మూడు నెలలే నాకు బాగా నచ్చిన భాగం. "అన్నీ మాట్లాడేసుకున్నాం కదా సార్, ఈలోపు ఆ అమ్మాయి మాట మారిస్తే?" అని అబ్బాయి తరఫువాళ్లు గింజుకుంటారు. మార్చనివ్వండి, గడువు పెట్టిందే అందుకు. పది మంది పెద్దల మధ్య తల వంచుకుని 'సరే' అన్న మనిషి ఇంటికెళ్లి, నిద్రపోయి లేచి, ఇంకోసారి లెక్క చూసుకోవాలి.

ఈ రాజీల్లో విడాకులు కూడా కలిసుంటే అసలు ముడి ఒకటే: డబ్బు ముందా, కేసు ముందా? కేసు ముందు మూసేస్తే సొమ్ము రాదని ఆమె భయం. సొమ్ము ముందు ఇచ్చేస్తే కేసు మూయడానికి రాదని అతని భయం. అందుకే విడతలు కడతాం. పరస్పర అంగీకార విడాకుల అర్జీ రోజు కొంత, డిక్రీ రోజు కొంత, క్రిమినల్ కేసు ముగిసే రోజు మిగతాది, అదీ కోర్టు హాల్లోనే డీడీగా. సారె సామాను జాబితా విడిగా రాయాలి. బీరువా తాళం ఎవరి దగ్గరుందో రాయని పత్రాలు మళ్లీ మా టేబుళ్ల మీదికే వస్తాయి.

ఆ పాత ప్రొసీజర్ చట్టం స్థానంలో 2024 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త సంహితలో రాజీ పడదగిన నేరాల పట్టిక ఉంది. భార్యపై క్రూరత్వాన్ని కేంద్రం అందులో చేర్చలేదు. చేర్చుకునే రాష్ట్రమేదైనా ఆ మూడు నెలల గడువును తెగ్గోయకూడదని నా కోరిక. లోక్ అదాలత్ లెక్కలకు అది అడ్డొస్తుందని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు.