విడుదల లేని చెర

ఎల్లోరా చూద్దామని బయల్దేరి, దారిలో దౌలతాబాద్ కోట దగ్గర దిగాం. ఔరంగాబాద్‌కి (ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్) పదిహేను కిలోమీటర్ల దూరం. చదునైన నేల మీద ఒక్క కొండ, శంకువు ఆకారంలో, దాదాపు రెండు వందల మీటర్ల ఎత్తున లేచి ఉంటుంది. కొండ కింది భాగాన్ని చుట్టూ నిలువునా చెక్కేశారు, ఎవరూ పాక్కుంటూ ఎక్కకుండా. దాని చుట్టూ కందకం. కందకం దాటాక రాతిలో తొలిచిన చీకటి సొరంగం. లోపలికి వచ్చిన శత్రువు దారి తప్పి చావాలని కట్టిన కోట ఇది. లోపలున్నవాడు బయటికి పోవడం కూడా అంతే కష్టం.

మా అమ్మ మోకాళ్ళ నొప్పుల వల్ల పైదాకా రాలేనంది. అందుకని కందకానికి ఇవతలే నెమ్మదిగా తిరిగాం. అక్కడ చీనీ మహల్ అని ఒక పాడుబడిన కట్టడం ఉంది. ఒకప్పుడు గోడలకి నీలిరంగు పింగాణీ పలకలుండేవట, అందుకే ఆ పేరు. కొన్ని ముక్కలు ఇప్పటికీ మిగిలాయి. గైడు హిందీలో ఒక్క వాక్యం చెప్పాడు: గోల్కొండ రాజుని ఔరంగజేబు ఇక్కడే బంధించాడు. వెంటనే ఫిరంగి చూపిస్తానంటూ ముందుకి నడిచాడు.

అమ్మ కదల్లేదు. "గోల్కొండ రాజంటే ఎవర్రా?"

"తానీషా అమ్మా."

"మన రామదాసు తానీషానా? అయ్యో, ఆయన్నెందుకు బంధించారు?" కాసేపాగి అడిగింది. "మరి ఆయన కోసం రాముడు రాలేదా?"

నవ్వొచ్చింది కానీ, అమ్మ వేళాకోళానికి అడగలేదు. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మన సాహిత్యం గురించి అంత సూటి ప్రశ్న నేనెక్కడా చదవలేదనిపించింది.

రామదాసు కథ మనందరికీ కంఠతా వచ్చు. హరికథల్లో విన్నాం. 1964లో నాగయ్యగారి సినిమాలో, 2006లో నాగార్జున సినిమాలో చూశాం. కంచెర్ల గోపన్న సర్కారు పైకంతో భద్రాచలంలో గుడి కట్టాడు, పన్నెండేళ్ళు గోల్కొండలో ఖైదు అనుభవించాడు, చివరికి రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షలు చెల్లించారు. తానీషా కళ్ళు తెరుచుకున్నాయి, గోపన్న విడుదలయ్యాడు. మంగళం. గోల్కొండకి పోతే ఆ ఖైదు గదిని ఇప్పటికీ చూపిస్తారు. గోడ మీద రామదాసు చెక్కుకున్న దేవుళ్ళని చూపిస్తారు.

కథ మంగళం పాడిన చోట చరిత్ర ఆగలేదు. 1677లో శివాజీ గోల్కొండకి వచ్చి తానీషాతో పొత్తు కుదుర్చుకున్నాడు. మరాఠాలకి సాయపడటం, అక్కన్న మాదన్నలనే బ్రాహ్మణ మంత్రుల చేతుల్లో రాజ్యం పెట్టడం, ఈ రెండూ ఔరంగజేబు దృష్టిలో నేరాలయ్యాయి. 1686లో ఆ అన్నదమ్ముల్ని గోల్కొండలో దారుణంగా చంపారు. ఆ మాదన్నే మన గోపన్నకి మేనమామ. మరుసటేడు, ఎనిమిది నెలల ముట్టడి తర్వాత, లోపలివాడే తలుపు తీయగా కోట పడింది. పట్టుకోవడానికొచ్చిన మొగలు సర్దారుల ముందు తానీషా తొణక్కుండా భోజనం తెప్పించుకుని తిన్నాడని ఖాఫీ ఖాన్ పారశీకంలో రాశాడు. ఆ తర్వాత దౌలతాబాద్. 1699లో చనిపోయేదాకా చెరలోనే ఉన్నాడు. సుమారు పన్నెండేళ్ళు. రామదాసు ఖైదుకి మన కథ చెప్పే లెక్కా అదే.

ఇందులో దాచిపెట్టిన రహస్యమేమీ లేదు. చరిత్ర పుస్తకాల్లో ఉన్నదే. అయినా మన కథల్లోకి ఎందుకు రాలేదు?

భక్తి కథకి రాజు ముఖ్యం కాదు, రాముడు ముఖ్యం, రాజు తర్వాత ఏమైతే ఏంటి అని ఒక జవాబు చెప్పొచ్చు. సబబైన మాటే. కానీ ఈ కథ తానీషాని అంత తేలిగ్గా చూడలేదు కదా! భక్తుడికి దొరకని దర్శనాన్ని అతనికిచ్చింది. పూర్వజన్మలో చిలకను పంజరంలో పెట్టినందుకు గోపన్నకి ఖైదు ప్రాప్తించిందని కూడా చెప్పింది. చిలక దగ్గర అంత ఖచ్చితంగా లెక్క కట్టిన కథ, గోపన్నను బంధించినవాడి పద్దు మాత్రం తెరవనేలేదు.

నాకు తోచిన కారణం వేరు. చెరను మనం విడుదల ఉంటేనే కథగా చెప్పుకుంటాం. ఇదే దేవగిరిలో కాకతి గణపతిదేవుడు కుర్రతనంలో యాదవుల బందీగా ఉన్నాడు. అది గుర్తుపెట్టుకున్నాం, ఎందుకంటే అతను విడుదలై వచ్చి అరవయ్యేళ్ళకి పైగా ఏలాడు. ప్రతాపరుద్రుడి సంగతి చూడండి. 1323లో ఓరుగల్లు పడ్డాక ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున చనిపోయాడని ముసునూరి ప్రోలయనాయకుడి విలస శాసనం చెబుతుంది. మనం దాన్ని ఒప్పుకోలేదు. ఏకామ్రనాథుడి ప్రతాపరుద్ర చరిత్రము రాజుని ఓరుగల్లుకి తిరిగి తెచ్చింది. 1897 నాటి ప్రతాపరుద్రీయంలో వేదం వేంకటరాయశాస్త్రిగారు యుగంధరుణ్ణి పిచ్చివాడిగా ఢిల్లీకి పంపి మరీ విడిపించారు. గొప్ప నాటకం, అందులో అనుమానం లేదు. కానీ శాసనం చనిపోయాడన్న రాజుని సాహిత్యం ఇంటికి తెచ్చుకుందన్నది కూడా నిజం.

దీన్ని తప్పనను. ఓడిపోయినవాళ్ళకి అలాంటి కథలు కావాలి. ఇబ్బందల్లా, విడిపించడానికి వీల్లేని మనిషి ఎదురైనప్పుడు మన దగ్గర వాడికి కథ ఉండకపోవడం. తానీషా కోసం యుగంధరుడు లేడు. ఉన్న మంత్రులిద్దరూ అప్పటికే చచ్చిపోయారు. దాంతో అతన్ని సంతోషంగా ఉన్న చోటే ఆపేసి, తలుపు దగ్గరగా వేసి వచ్చేశాం. మంచి నవాబు, రాముణ్ణి చూసినవాడు, అంతే. ఆ మంచితనం కూడా మనకి పనికొచ్చినంత మేరకే. అతని ఓటమి, అతని పన్నెండేళ్ళు మనవి కాకుండా పోయాయి. దౌలతాబాద్‌లో ఒక గైడు నోట ఒక్క వాక్యమై మిగిలాయి.

కోట నుంచి ఎల్లోరాకి వెళ్ళే దారి ఖుల్దాబాద్ మీదుగా పోతుంది. ఔరంగజేబు సమాధి ఆ ఊళ్ళోనే ఉంది. తానీషాదీ అక్కడే. బంధించినవాడూ బందీ ఒకే ఊరి మట్టిలో ఉన్నారు. కారులో ఆ మాట చెబితే అమ్మ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. "భద్రాద్రి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ ఆయనదేనంటారు కదా," అంది.

అవును, అంటారు. ప్రతి శ్రీరామనవమికీ టీవీలో ఆ మాట చెబుతూనే ఉంటారు. ఆ ముత్యాలు మొదట పంపినాయన ఎక్కడ, ఎలా చనిపోయాడో కూడా ఆ పక్కనే ఒక్క వాక్యం చెబితే బావుండును. కల్యాణానికి లోటేమీ రాదు.