భీం అర్జీలో ఏముంది?

2022లో వచ్చిన ‘ఆర్‌ఆర్‌ఆర్’ సినిమాలో కొమురం భీం పులితో తలపడతాడు. చివర్లో నీకేం కావాలని స్నేహితుడు అడిగితే, మావాళ్లకు చదువు కావాలంటాడు. ‘జల్ జంగల్ జమీన్’ అనే మాటలను ఆ స్నేహితుడే జెండా మీద రాసిస్తాడు. ఇది కల్పన అని సినిమా ముందే చెప్పుకుంది కాబట్టి చరిత్ర తప్పిందని మేము గొడవ పడం. మా పిల్లలు చప్పట్లు కొట్టారు, మేమూ కొట్టాం. మా అభ్యంతరం వేరే. ఆ భీంకి బలం ఉంది, మంచి మనసుంది, కోపం ఉంది. ఏం చేయాలో తేల్చే తెలివి మాత్రం పక్కవాడి దగ్గరుంది.

అసలు భీం కాలంలో సర్కారు అడవికి హద్దులు గీసి మన సాగును, పశువుల మేతను నేరం చేసింది. బాబేఝరి వైపు అడవి కొట్టి సాగు చేసుకున్నవాళ్ల గుడిసెలు తగలబెట్టారు. భీం, ఆయన మనుషులు ముందు పెట్టింది అర్జీలే. తుపాకీ ఆ తర్వాతి మాట. అడిగింది కూడా గాలిమాట కాదు, పన్నెండు గూడేల మీద హక్కు. భూమి ఇచ్చి అడవి మూసేస్తే పశువు ఎక్కడ మేస్తుంది? నీళ్లు లేని భూమికి పట్టా ఎందుకు? ఈ లెక్క తెలిసినవాళ్లే మూడింటినీ కలిపి అడుగుతారు. 1940లో జోడేఘాట్‌లో ఆయన్ను చంపాక గోండుల కష్టాలను పరిశీలించిన హైమన్‌డార్ఫ్ కూడా గొడవకు మూలం భూమేనని రాశాడు.

తప్పు సినిమా ఒక్కదానిదే కాదు. వర్ధంతికి మేము బడిలో వేయించే నాటికలోనూ మీసం, తుపాకీ, కేకలే. భీం ముందు అర్జీలు పెట్టాడని పాఠంలో చెప్పింది మేమే. ఒక ఏడు రిహార్సల్‌లో ఏడో తరగతి పిల్ల అడిగింది: “సార్, ఆ అర్జీల ఏం రాసిండు?” మా దగ్గర జవాబు లేదు. నాటికలో అర్జీ సీనే లేదు. మన కవులూ అంతే, భీం అనగానే పులి, నిప్పు, ఉరుము. పత్రికలేమో మనల్ని ‘అమాయక గిరిజనులు’ అంటాయి. గర్జించేవాడైనా, అమాయకుడైనా, ఆలోచించడన్నదే ఆ రెండు బొమ్మల్లోనూ ఉంది.

ఈ బొమ్మలు చూసి పెరిగిన కుర్రాళ్లకు గొంతు పెద్దదైనవాడే నాయకుడు. 2006 అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తులు రాసుకునే ఒక గ్రామసభలో మేము కూర్చున్నాం. ఒక యువకుడు ఆవేశంగా మాట్లాడాడు, అందరూ ఈలలు వేశారు. తర్వాత ఒక అవ్వ మెల్లగా అడిగింది: “బిడ్డా, ఈ కాయితం ఎవరి చేను వాళ్లదా, ఊరందరి అడవిదా?” సభ నిశ్శబ్దమైంది. అక్కడున్నవన్నీ విడి సాగుదారుల ఫారాలే. ఊరి ఉమ్మడి హక్కు అడిగే ఫారం ఎవరూ తేలేదు. అవ్వకు ఎవరూ ఈల వేయలేదు.

ఈసారి నాటికలో అర్జీ సీను పెడుతున్నాం. అందులో ఏముండాలో రాయమని ఆ పిల్లకే చెప్పాం. గూడేల పేర్లు సరిగ్గా కావాలని మా వెంట పడుతోంది.