తిబో–కార్తో రికార్డింగు: ఫ్రాంక్ సొనాటాపై తీరని తగువు

సెజార్ ఫ్రాంక్ 1886లో రచించిన ఏ మేజర్ వయొలిన్–పియానో సొనాటాను ఫ్రెంచి వయొలిన్ విద్వాంసుడు జాక్ తిబో, పియానో విద్వాంసుడు ఆల్ఫ్రెడ్ కార్తో 1929లో హిజ్ మాస్టర్స్ వాయిస్ సంస్థ కోసం రికార్డు చేశారు. తొమ్మిది దశాబ్దాలు దాటిన తరువాత కూడా దానిని విన్నవారు రెండు పక్షాలుగా విడిపోతూనే ఉన్నారు. ఈ రచనను ఇంత ఆత్మీయంగా మరెవరూ పలికించలేదని ఒక పక్షం అంటుంది. స్వరం నుంచి స్వరానికి జారిపోయే వయొలిన్, రెండు చేతులూ ఒక్కసారి పడని పియానో, నిలకడ లేని నడక, వీటికి తోడు అక్కడక్కడ తప్పు మీటలు ఉన్న వాద్యవాదనను ఆదర్శంగా ఎలా చూపుతారని రెండవ పక్షం అడుగుతుంది. మెచ్చేవారూ మెచ్చనివారూ వేలు పెట్టి చూపేది మాత్రం అవే లక్షణాలను. అందువల్ల ఇది కేవలం అభిరుచుల తేడా అని వదిలివేయడానికి వీలులేదు; ఆ లక్షణాలు ఏ వాదన సంప్రదాయానికి చెందినవో తెలిస్తే తప్ప ఈ తగువు స్వరూపం అర్థం కాదు.

సొనాటా అంటే పాశ్చాత్య సంగీతంలో ఒకటి రెండు వాద్యాల కోసం పలు భాగాలుగా రాసే రచన. ఫ్రాంక్ సొనాటాలో నాలుగు భాగాలున్నాయి. ఒక భాగంలో పుట్టిన స్వరబీజం రూపం మార్చుకుంటూ తరువాతి భాగాల్లో మళ్లీ తలెత్తడం దీని ప్రత్యేకత కాగా, ఈ నిర్మాణాన్ని చక్రీయ రూపం అంటారు. అరవై మూడేళ్ల ఫ్రాంక్ దీనిని బెల్జియం వయొలిన్ విద్వాంసుడు యూజెన్ ఇజాయికి పెళ్లికానుకగా పంపగా, 1886 సెప్టెంబరు 26న పెళ్లి అతిథుల ఎదుటే, హడావుడిగా చేసుకున్న ఒక్క అభ్యాసంతో, ఇజాయి, పియానో విదుషి లియోంతిన్ బోర్డ్–పెన్ కలిసి వాయించారు. అదే ఏడాది డిసెంబరు 16న బ్రసెల్స్‌లోని ఒక చిత్రశాలలో తొలి బహిరంగ కచేరీ జరిగేసరికి పొద్దుపోయింది. చిత్రశాలలో దీపాలు వెలిగించడానికి అధికారులు ఒప్పుకోలేదు. చివరి మూడు భాగాలను వారిద్దరూ దాదాపు చీకటిలో, జ్ఞాపకం మీదనే వాయించి ముగించారు. మొదటి భాగాన్ని ఇజాయి స్వరకర్త అనుకున్నదానికంటే వేగంగా నడిపాడని ఒకరు ఎత్తిచూపితే, ఇజాయి చేసినదే సరైనదని, ఇకమీదట దీనిని మరోలా వాయించనక్కరలేదని ఫ్రాంక్ జవాబిచ్చాడట. రాతప్రతిని అక్షరం పొల్లుపోకుండా పాటించడమే స్వరకర్తకు న్యాయం చేయడమని నమ్మేవారు ఈ జవాబును కొంచెం నిదానంగా ఆలోచించవలసి ఉంటుంది.

ఇజాయి ఈ సొనాటాను తన జీవితమంతా వాయించాడు గాని రికార్డు చేయలేదు. 1912లో ఆయన రికార్డులకు ఇచ్చినవి చిన్న చిన్న రచనలే. తిబో ఆయనకు సన్నిహితుడు. ఏకవయొలిన్ కోసం ఇజాయి రాసిన ఆరు సొనాటాలలో రెండవది తిబోకే అంకితం. ఫ్రాంక్ మరణించిన 1890 నాటికి తిబోకు పదేళ్లు, కార్తోకు పదమూడేళ్లు. అంటే వారి చేతులు, చెవులు రూపుదిద్దుకున్నది ఆ సంగీతం ఇంకా కొత్తగా ఉన్న పారిస్‌లోనే. దీనితో వారి వాదన ప్రమాణం అయిపోదు గాని, వారు చేసినవన్నీ అజాగ్రత్తలని కొట్టివేయడం మాత్రం కష్టమవుతుంది.

మొదటి ఫిర్యాదు జారుళ్ల గురించి. ఎడమచేతి వేలు తీగ మీద ఒక స్థానం నుంచి మరొక స్థానానికి పోయేటప్పుడు మధ్యలోని నాదాన్ని దాచకుండా వినిపించనివ్వడాన్ని పోర్టమెంటో అంటారు. వయొలిన్ బోధకుడు కార్ల్ ఫ్లెష్ ఇందులో రెండు రకాలను విడదీసి చూపాడు: బయలుదేరిన వేలే జారుతూ వెళ్లి, గమ్యం దగ్గర కొత్త వేలు పడటం ఒకటి, కొత్త వేలే దిగువన పడి అక్కడి నుంచి గమ్యస్వరంలోకి జారడం రెండవది. మొదటిది గాత్రంలో రెండు అక్షరాలను కలిపి పలికినట్టు ఉంటుంది. రెండవదానిలో స్వరాన్ని అందుకోవాలన్న ఆరాటం ఎక్కువగా వినిపిస్తుంది గనుక పాతతరం గురువులు దానిని అనుమానంగానే చూశారు. 1930ల తరువాత పాశ్చాత్య వయొలిన్ బోధనలో జారుడు వినపడకుండా స్థానం మారడమే నైపుణ్యమనే భావం క్రమంగా బలపడింది. తొలినాటి రికార్డింగులను పరిశోధించిన రాబర్ట్ ఫిలిప్ 1992లో వెలువరించిన గ్రంథంలో ఈ మార్పును ఉదాహరణలతో చర్చించాడు. ఆ తరువాతి బోధనలో పెరిగిన చెవికి తిబో జారుడు తీపి ఎక్కువైన పలుకుగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

కర్ణాటక సంగీతం విన్న తెలుగు శ్రోతకు ఈ అభ్యంతరమే వింతగా ఉండవచ్చు, ఎందుకంటే ఈ సంప్రదాయంలో జారు ఒక గమకం. నేల మీద కూర్చుని వాద్యం కొసను పాదం మీద ఆనించే పద్ధతిలో వాద్యాన్ని మోసే పని లేని ఎడమచేతికి తీగ పొడవునా జారే స్వేచ్ఛ ఉంటుంది. అయితే ఈ పోలికను ఎక్కువ దూరం లాగకూడదు. కర్ణాటక పద్ధతిలో జారు ఎక్కడ పడాలో రాగలక్షణం నిర్ణయిస్తుంది, అది లేకపోతే రాగమే దెబ్బతినవచ్చు. తిబో జారుడు రాగవ్యాకరణం వంటిదేమీ కాదు, వాక్యంలో ఏ మాట మీద బరువు వేయాలో వక్త నిర్ణయించుకున్నట్టు ఆ క్షణాన ఎంచుకున్నది.

కార్తో మీద వచ్చే ఆక్షేపణ ఎడమచేయి ముందు, కుడిచేయి వెనుక పడటం గురించి. రాతలో ఒకే నిలువు గీత మీద ఉన్న స్వరాలను ఒక్కసారిగా మోగించకుండా మంద్రస్వరాన్ని వెంట్రుకవాసి ముందు మోగించి, దాని నాదం మీద పై స్వరాన్ని నిలపడం పందొమ్మిదవ శతాబ్దపు పియానో వాదకులకు మామూలు అలవాటు. మీటిన మరుక్షణం నుంచి నాదం తగ్గిపోయే పియానోకు, కమాను నడిచినంతసేపూ పలికే వయొలిన్‌తో సమంగా పాడవలసి వచ్చినప్పుడు, ఈ ఉపాయం నిజంగానే అక్కరకు వస్తుంది. ఆలస్యంగా వచ్చిన పై స్వరం విడిగా వినబడి గొంతులా తోస్తుంది. కార్తో తప్పు మీటల మాట అబద్ధం కాదు. రెండవ భాగంలో పియానోకు ఫ్రాంక్ అప్పగించిన అల్లకల్లోలంలో కొన్ని స్వరాలు పోగు పడిపోతాయి, అక్కడ ఈ రికార్డింగును వెనకేసుకురావడం అనవసరం. అప్పట్లో రికార్డు ఒక్కొక్క ముఖం మీద సుమారు నాలుగున్నర నిమిషాలే పట్టేది, ముక్కలు కోసి అతికించే టేపు ఇంకా స్టూడియోలకు రాలేదు. దొర్లిన తప్పును దిద్దాలంటే ఆ ముఖం మొత్తం మళ్లీ వాయించవలసిందే.

రూబాటో, అంటే ఒకచోట కాలాన్ని సాగదీసి మరొకచోట త్వరపడటం, మొదటి భాగంలో అన్నిటికంటే ఎక్కువగా శ్రోతను పరీక్షిస్తుంది. పియానో నాలుగు బార్ల (తాళపు ఆవర్తాల) పాటు ఎటూ తేలని కార్డులను, అంటే ఒక్కసారి మోగే స్వరసమూహాలను, పరిచిన తరువాత వయొలిన్ ప్రవేశిస్తుంది. అది ఎత్తుకున్న వరుస ఒక ప్రశ్నలాగా మొదలై చాలాసేపటి వరకు జవాబు దొరకకుండా సాగుతుంది. ఊయల ఊపు వంటి ఆ తొమ్మిది మాత్రల నడకను సరిగ్గా సమంగా కొలిస్తే ప్రశ్న మాయమై ఊపు మాత్రమే మిగులుతుంది. తిబో, కార్తో ఆ కొలతను వదులుగా పట్టుకుంటారు. లయ తప్పారని అనుకునేవారు, ఇద్దరూ ఒకేచోట సాగి ఒకేచోట త్వరపడుతున్నారన్న సంగతిని కూడా గమనించాలి. 1900ల తొలి దశకం మధ్య నుంచి సెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్‌తో కలిసి త్రయంగా వాయించినవారికి అది అబ్బడం సహజం.

రికార్డు గీతల్లోని గరగర గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. ఆ రికార్డుల్లో కలిసే లక్కలో చాలా భాగం భారతదేశపు అడవుల నుంచే వెళ్లేది. సూదిని అరగదీయడానికి దానిలో ఖనిజపు పొడి కలిపేవారు, శబ్దానికి అది ఒక కారణం. ఆధునిక ప్రతుల్లో శబ్దాన్ని మితిమీరి వడగడితే వయొలిన్ తారస్థాయి నాదాంశాలు కూడా పోయి తిబో పలుకు మొద్దుబారుతుంది, కాబట్టి కొంత గరగరను భరించడమే మేలు. ఇంకొక ఇబ్బంది సంగీతానికి వెలుపలిది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో కార్తో జర్మనీకి సహకరించిన విషీ ప్రభుత్వంలో పదవి నిర్వహించాడు, జర్మనీలో కచేరీలు చేశాడు. విముక్తి పొందిన ఫ్రాన్స్ ఆయనను ఏడాదిపాటు వేదికకు దూరం పెట్టింది. 1929 నాటి వాదనను ఆ చరిత్ర మార్చదు, కాని అది తెలిసి వినే శ్రోత మనసులో అడ్డుపడితే తప్పుపట్టలేము.

ఈ సొనాటాకు శ్రోతగా అందరికంటే ప్రసిద్ధుడు నవలాకారుడు మార్సెల్ ప్రూస్ట్. తన నవలలోని కల్పిత స్వరకర్త వాంతయ్ సొనాటాకు మూలాలేమిటో 1918లో ఒక మిత్రునికి వివరిస్తూ, వయొలిన్ విద్వాంసుడు జార్జ్ ఎనెస్కు వాయించిన ఫ్రాంక్ సొనాటా పేరు చెప్పి, పియానో, వయొలిన్ రెండు పక్షుల్లా ఒకదానికొకటి బదులు పలకడాన్ని ప్రస్తావించాడు. నాలుగవ భాగం ఆ మాటకు సరిగ్గా అతుకుతుంది: అది కానన్, అంటే ఒక వాద్యం పలికిన వరుసనే రెండవది కొంత వ్యవధి తరువాత అనుసరించే రచన, ఇక్కడ పియానో ముందు నడిస్తే వయొలిన్ ఒక్క బార్ వెనుక వస్తుంది. వయొలిన్ విద్వాంసుడు డేవిడ్ ఓయిస్త్రాఖ్, పియానో విద్వాంసుడు స్వియతొస్లావ్ రిఖ్తర్ 1968 డిసెంబరులో మాస్కో కచేరీలో దీనిని వాయించినప్పుడు రెండు వాద్యాలూ ఒకే మహాస్వరంగా కలుస్తాయి, ఆ వైభవానికి 1929 రికార్డింగు పోటీ కాదు. కాని జారలేని పియానోను జారగల వయొలిన్ అనుసరిస్తున్నదన్న తేడాను తిబో, కార్తో కప్పిపుచ్చరు. కార్తో కాలగతిలో చూపిన వెనకాడింపుకు తిబో వేలిజారుడు బదులవుతుంది. ఒకే వరుసను ఇద్దరు మనుషులు రెండు రకాలుగా పలుకుతున్నారని శ్రోతకు తెలుస్తూనే ఉంటుంది. మూడవ భాగంలో, మాటకు దగ్గరగా తాళపు పట్టు సడలించి పాడే రెసిటటివ్ పద్ధతిలో వయొలిన్ ఒంటరిగా పలికే ఘట్టాల్లో, తిబోకు సాటి వచ్చే రికార్డింగు దొరకడం కష్టం. ఇటీవలి వాదకులు కొందరు ఆ జారుళ్లను తిరిగి తెచ్చే ప్రయత్నం చేస్తున్నారు. అయితే జారుడు వినబడకుండా మలచుకున్న వేళ్ల అమరికనే ఉంచుకుని, దాని పైన జారుళ్లను అలంకారంగా చేర్చినప్పుడు అవి అతికించినట్టు ఉంటాయి. తిబో తరం వారికి ఏ స్వరానికి ఏ వేలు అన్న నిర్ణయంలోనే జారుడు ఇమిడి ఉండేది.