కాగితం ఎరగని నటులు

1958లో నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ సొంతూరు రాయ్‌పూర్ వచ్చినప్పుడు, తాను చదువుకున్న హైస్కూలు మైదానంలోనే ఆ రాత్రి ఛత్తీస్‌గఢ్ జానపద నాటకం నాచా ఆడబోతున్నారని తెలిసింది. అప్పటికి ఆయన లండన్‌లో రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమటిక్ ఆర్ట్‌లోనూ, బ్రిస్టల్ ఓల్డ్ విక్‌లోనూ కొంతకాలం చదువుకున్నారు. యూరప్ అంతా తిరిగి, బెర్లిన్‌లో జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ నాటకాలు చూశారు. నాచాకి వెళ్లిన మనిషి తెల్లవారే దాకా లేవలేదు. ఆట ముగిశాక అందులోని నటుల్ని ఢిల్లీ రమ్మని అడిగారు. అలా మదన్‌లాల్, ఠాకుర్‌రామ్, భుల్వారామ్, బాబూదాస్, క్లారినెట్ వాయించే జగ్‌మోహన్ వంటి వాళ్లు ఊరు దాటారు. శూద్రకుడి ‘మృచ్ఛకటికం’ ఆధారంగా చేసిన ‘మిట్టీ కీ గాడీ’లో వేషం కట్టారు. మరుసటి ఏడాది, 1959లో, హబీబ్, రంగస్థల దర్శకురాలు మోనికా మిశ్రా కలిసి ‘నయా థియేటర్’ పెట్టారు.

ఈ కథని ఎక్కడ చదివినా హబీబ్ చుట్టూనే తిరుగుతుంది. పద్మశ్రీ, పద్మభూషణ్, రాజ్యసభ సభ్యత్వం, 2009 జూన్‌లో మరణం, అన్నీ ఆయన పేరు కింద తేదీలతో సహా దొరుకుతాయి. ఆయన గొప్పతనాన్ని నేను తగ్గించబోవడం లేదు. కానీ ఆ రాత్రి మైదానంలో ఆయన్ని కట్టిపడేసింది ఏమిటన్నదే అసలు ప్రశ్న. చదువుకోని, స్క్రిప్టు చూడని, పగలు పొలం పని చేసుకునే ఆ నటుల చేతిలో ఉన్న విద్య ఏమిటి? అది తెలియకుండా వాళ్ల ఫొటోకి దండ వేస్తే, దండ వేశామన్నంత వరకే.

నాచాకి వేదిక అక్కర్లేదు. ఊరి మధ్య ఖాళీ జాగా, నెత్తిన ఒక చాందినీ, చుట్టూ జనం ఉంటే చాలు. పూర్వం కాగడాల వెలుగులో ఆడేవారు. వాయిద్యగాళ్లు చికారా, తబలా, మంజీరా నడుముకి కట్టుకుని నిలబడే వాయించేవారు. నటుడు ఎటు తిరిగితే వాళ్లూ అటు కదిలేవారు. రాజ్‌నాంద్‌గావ్ దగ్గరి రవేలి గ్రామానికి చెందిన దులార్‌సింగ్ సాహు, జనం నోట దావూ మందరాజీ, 1920ల చివర్లో ఒక నాచా బృందాన్ని కూడగట్టి ఈ పద్ధతిని మార్చారు. వాయిద్యగాళ్లని కూర్చోబెట్టారు, చికారా ఉన్నచోట హార్మోనియం తెచ్చారు, కాగడాలు తీసి పెట్రోమాక్స్ లైట్లు పెట్టించారు. ఇవి చిన్న మార్పులుగానే కనిపిస్తాయి. వాయిద్యం ఒకచోట కూర్చుంటే మిగతా జాగా మొత్తం నటుడిదే. కాగడా వెలుగులో కనపడని కనుబొమ కదలిక పెట్రోమాక్స్ కింద చివరి వరసకి కూడా అందుతుంది. నాచాలో నటన మెరుగు దేలింది ఆ వెలుగులోనే అని నా నమ్మకం. మందరాజీ భూములు గల ఇంటి బిడ్డ. ఆస్తి అంతా ఈ కళకే ధారపోసి, 1984లో పేదవాడిగా పోయారు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఇప్పుడు ఆయన పేరుతో జానపద కళాకారులకి పురస్కారం ఇస్తోంది. 2019లో ఆయన జీవితం మీద సినిమా కూడా వచ్చింది.

ఆట నడిచే తీరు ఇలా ఉంటుంది. ముందు వాయిద్యగాళ్లు దేవుడి పాట ఎత్తుకుంటారు. తరవాత ‘పరీ’లు వస్తారు. ఆడవేషం కట్టిన మగవాళ్లు వీళ్లు. తలమీద చెంబు నిలబెట్టుకుని, పాడుకుంటూ, జనం మధ్య నుంచే నడిచి వస్తారు. చెంబు జారకూడదు, పాట తెగకూడదు, నడకలో తొందర కనపడకూడదు. జనంలోంచి ఎవరో రూపాయి చూపిస్తే పాట మధ్యలోనే అటు వెళ్లి పుచ్చుకుని, ఇచ్చినవాడిని పొగిడి, తిరిగి లయలోకి వచ్చేయాలి. మన హరికథలో చదివింపులు ఎరిగిన వాళ్లకి ఇదెంత ఒడుపైన పనో వేరే చెప్పక్కర్లేదు.

ఆడవేషం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మన స్థానం నరసింహారావు సత్యభామగా ఎలా నిలబడ్డారో, ఏమి ఆలోచించి ఆ వేషం కట్టారో తెలుసుకోవాలంటే ఆయనే రాసిన ‘నటస్థానం’ ఉంది. 1956లో పద్మశ్రీ కూడా అందుకున్న మనిషి ఆయన. నాచా పరీలు అలాంటి పుస్తకం ఏదీ రాయలేదు, రాసే చదువు వాళ్లకి లేదు. మన రంగస్థల నటుల జీవితాల్ని ‘నటరత్నాలు’గా కూర్చిన మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి వంటి ఓపికగల మనిషి ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో తిరిగి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. మిక్కిలినేని ప్రజానాట్యమండలి మనిషి, హబీబ్ బొంబాయి ఇప్టా (ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్) మనిషి. ఇద్దరూ ఒకే ఉద్యమపు నీళ్లు తాగారు. ఒకరు నటుల గురించి రాశారు, ఇంకొకరు నటుల్ని వెంట తీసుకుపోయారు.

పరీల తరవాత జొక్కడ్‌లు దిగుతారు. ముఖానికి తెల్లరంగు పూసుకుని సాధారణంగా ఇద్దరు వస్తారు. వీళ్లు నడిపే హాస్యపు ఘట్టాన్ని గమ్మత్ అంటారు. ఒకడు తెలివైనవాడిలా మాట్లాడతాడు, రెండోవాడు ప్రతి మాటనీ తప్పుగా అర్థం చేసుకుంటాడు. తోలుబొమ్మలాటలో కేతిగాడిని చూసినవాళ్లకి ఇది పాత చుట్టమే. తేడా ఎక్కడంటే, కేతిగాడు కథ మధ్యలో దూరి నవ్వించి పోతాడు, నాచాలో జొక్కడే కథ నడుపుతాడు. ముసలి భూస్వామి పిల్లదాన్ని పెళ్లాడటం, అంటరానితనం, వడ్డీ వ్యాపారి లెక్కలు వంటి విషయాలన్నీ జొక్కడ్ నోట్లోంచే బయటికి రావాలి. కథ అంచెలు మాత్రమే ముందు అనుకుంటారు. మాటలు అక్కడికక్కడే పుడతాయి. ఆ ఊళ్లో నిన్న జరిగిన తగాదా ఈ రాత్రి గమ్మత్‌లోకి వచ్చేస్తుంది.

మాటలు అప్పటికప్పుడు పుట్టించడం అంటే నోటికొచ్చింది అనడం కాదు. నవ్వు వచ్చాక ఎంతసేపు ఆగాలి, జనం నవ్వు పూర్తిగా చల్లారక ముందే తరవాతి మాట ఎప్పుడు వదలాలి, తోటివాడు దారి తప్పితే ఏ ప్రశ్న వేసి మళ్లీ కథలోకి లాగాలి, ఇవి ఏళ్ల తరబడి పక్కన నిలబడి నేర్చుకునేవి. జనంలో ఎవరైనా మాట విసిరితే జవాబు చెప్పి తీరాలి. అందుకే జొక్కడ్ ఒక దిక్కు చూస్తూ నటించలేడు.

ఢిల్లీలో హబీబ్‌కి చిక్కు వచ్చింది సరిగ్గా ఇక్కడే. లండన్‌లో నేర్చిన పద్ధతిలో ఇక్కడ నిలబడు, అక్కడికి నడు అని గీతలు గీసి చెప్పారు. చుట్టూ జనం ఉన్నచోట, పిలిచిన వైపుకి తిరిగే అలవాటున్న నటులకి ఆ గీతలు ఎక్కలేదు. పైగా వాళ్ల చేత హిందీ పలికించారు. ఊళ్లో రాత్రంతా జనాన్ని ఆడించిన ఠాకుర్‌రామ్ హిందీ మాట దగ్గర తడబడ్డారు. తన పొరపాటు ఎక్కడుందో పట్టుకోవడానికి తనకి ఏళ్లు పట్టిందని హబీబ్ స్వయంగా చెప్పుకున్నారు. 1970ల మొదట్లో ఆ రెండూ వదిలేశారు. నటుల్ని వాళ్ల ఛత్తీస్‌గఢీలోనే మాట్లాడనిచ్చారు, కదలిక వాళ్లకే వదిలేశారు. తాను చూసి, ఏరి, కత్తిరించి, అతికే పనికి పరిమితమయ్యారు.

1973లో రాయ్‌పూర్‌లో నెలరోజుల నాచా శిబిరం జరిగింది. వేర్వేరు బృందాల జానపద కళాకారులు పెద్ద సంఖ్యలో చేరారు. అప్పటికే ఆడుతున్న మూడు పాత గమ్మత్‌లని కలిపి, మధ్యలో పండగ పాటలు కూర్చి ‘గావ్ కే నావ్ ససురాల్, మోర్ నావ్ దామాద్’ తయారుచేశారు. పుష్య పున్నమికి పిల్లలు ఇంటింటికీ వెళ్లి కొత్త ధాన్యం అడిగే ఛేర్‌ఛేరా పండగ ఇందులో కథకి మొదలు. సంక్రాంతి నెలలో హరిదాసు అక్షయపాత్ర గుర్తొస్తే అది సహజమే. ఆ రోజుల్లోనే దేవార్ కులం నుంచి ఫిదాబాయి, మాలాబాయి వంటి స్త్రీలు నయా థియేటర్‌లోకి వచ్చారు. పరీ వేషం మగవాళ్ల సొత్తుగా ఉన్నచోట, పాటని, ఆటని వృత్తిగా బతికిన ఆడవాళ్లు స్వయంగా నిలబడ్డారు.

1975లో ‘చరణ్‌దాస్ చోర్’ వచ్చింది. విజయ్‌దాన్ దేథా చెప్పిన రాజస్థానీ కథ ఇది. ఒక దొంగ పోలీసుని తప్పించుకునే తొందరలో గురువు దగ్గర చేరి, ఎలాగూ తనకి జరగబోనివే కదా అని నాలుగు ఒట్లు పెట్టుకుంటాడు. బంగారు పళ్లెంలో తినను, ఏనుగు మీద ఊరేగను, రాణిని పెళ్లాడను, ఇచ్చినా రాజ్యం తీసుకోను. గురువు ఇంకొకటి కలుపుతాడు: అబద్ధం చెప్పకూడదు. ఆ తరవాత ఒక్కొక్కటే ఎదురవుతూ వస్తుంది. ఖజానాలో అయిదు మొహరీలే తీశానని నిజం చెప్పి, అదే అదనుగా ఇంకో అయిదు కాజేసిన గుమాస్తా బండారం బయటపెడతాడు. చివరికి రాణి పెళ్లి చేసుకోమంటుంది. కాదంటాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దంటుంది. దానికీ మాట ఇవ్వలేడు. ప్రాణం పోతుంది.

ఈ నాటకంలో నాచా నటుడి విద్య ఎంత అవసరమో ఆ ఒట్ల దృశ్యం చూస్తే తెలుస్తుంది. ఆ ఒట్లన్నీ జొక్కడ్ హాస్యంలా, జనం పగలబడి నవ్వేలా పలకాలి. అక్కడ ఏ మాత్రం గంభీరత తొంగిచూసినా ముగింపు ముందే తెలిసిపోతుంది. చివర రాణి ముందు కూడా నటుడు గొంతు మార్చకూడదు. అదే తేలిక, అదే అమాయకత్వం ఉండాలి. మారాల్సింది చూసేవాళ్ల మొహాలే. విషాదాన్ని హాస్యపు గొంతులోనే పలికించే ఈ పని నటనా విద్యాలయంలో చదివినవాళ్లకి కష్టమవుతుంది, ఏడవాల్సిన చోట ఏడవాలని వాళ్లకి నేర్పి ఉంటారు కాబట్టి. పక్కన సత్‌నామీల పంథీ పాట, ఆట నడుస్తుంది. గురు ఘాసీదాస్‌ని కొలిచే ఆ సమాజానికి సత్యమే దేవుడు. నిజం చెప్పి చచ్చిన దొంగ కథ ఆ పాటలో కలిసినప్పుడు వేరే వ్యాఖ్యానం ఎందుకు?

మదన్‌లాల్, గోవింద్‌రామ్ నిర్మల్‌కర్, దీపక్ తివారీ వేర్వేరు కాలాల్లో చరణ్‌దాస్ వేషం కట్టారు. రాణిగా ఫిదాబాయి. 1982లో ఈ నాటకం ఎడిన్‌బరో ఉత్సవంలో ఫ్రింజ్ ఫస్ట్ బహుమతి గెలిచింది. అక్కడి ప్రేక్షకుల్లో ఛత్తీస్‌గఢీ వచ్చినవాళ్లు ఎంతమంది ఉండి ఉంటారు? బ్రెహ్ట్‌ని వెతుక్కుంటూ బెర్లిన్ వెళ్లిన హబీబ్, పోటీలో నిలబెట్టింది మాత్రం రాజ్‌నాంద్‌గావ్ చుట్టుపక్కల పల్లె నటుల్ని. మన దగ్గరా ఇలాంటిదే ఒకటి జరిగింది. కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ సురభి కళాకారులతో పనిచేసి, బ్రెహ్ట్ నాటకాన్ని ‘బస్తీ దేవత యాదమ్మ’గా ఆడించారు. తరతరాలుగా మాయాబజార్‌లు ఆడిన కుటుంబాలకి బ్రెహ్ట్ కొత్తగా అనిపించకపోవడానికి కారణం, జనంతో నేరుగా మాట్లాడటం వాళ్లకి ముందే తెలిసి ఉండటం.

గోవింద్‌రామ్‌కి 2009లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికి పక్షవాతం, పేదరికం రెండూ ఆయన ఇంట్లో ఉన్నాయి. 2014లో రాయ్‌పూర్‌లో కన్నుమూశారు. సన్మానాలు ముసలితనంలో వస్తాయి, జీతం మాత్రం వయసులో ఉన్నప్పుడు కావాలి. జానపద కళల మీద ఎన్ని సదస్సులు పెట్టినా ఈ లెక్క మాత్రం ఎవరూ సరిచేయడం లేదు.

రాయ్‌పూర్ మహంత్ ఘాసీదాస్ మ్యూజియంలో సిర్పుర్ కంచు విగ్రహాలు ఉన్నాయి. శతాబ్దాల నాటి శిల్పి పనితనం అక్కడ నిలబడి చూడవచ్చు. ఠాకుర్‌రామ్ పనితనం అలా దొరకదు. దొరికేది కొంత సినిమాలో ఉంది. శ్యాం బెనెగల్ 1975లోనే ‘చరణ్‌దాస్ చోర్’ని బాలల చిత్రంగా తీశారు. గోవింద్ నిహలానీ కెమెరా, రాకుమారిగా స్మితా పాటిల్. ఆమె కోసం ఆ సినిమా చూసేవాళ్లే ఎక్కువ. కానీ అందులో చరణ్‌దాస్ లాలూరామ్, పక్కనే మదన్‌లాల్. నాచా గడ్డ మీద తయారైన ఇద్దరు నటులు కెమెరా ముందు ఏం చేశారో చూపించే అరుదైన రీలు అది.

ఆ సినిమా చూసిన వెంటనే 2010 నాటి ‘పీప్లీ లైవ్’ పెట్టుకుని చూడండి. అప్పుల్లో మునిగిన రైతు నత్థాగా ఓంకార్‌దాస్ మానిక్‌పురి, నయా థియేటర్‌లో తయారైన భిలాయ్ ప్రాంతపు నటుడు. వెనక వినిపించే ఛత్తీస్‌గఢీ పాట హబీబ్ కూతురు నగీన్‌ది. తన చావు గురించి చుట్టూ అందరూ బేరాలాడుతుంటే నత్థా ఒక్క మాటా అనకుండా బిక్కమొహం వేసుకుని నిలబడతాడు. పత్రికలు ఆ రోజుల్లో దాన్ని సహజ నటన అని మెచ్చుకున్నాయి. గమ్మత్‌లో రెండో జొక్కడ్ నిలబడేది అలాగే.