శుక్రవారం ఎవరు, ఆదివారం ఎవరు?

అమెరికా కళాశాల బేస్‌బాల్‌లో లెక్కంతా వారాంతానిది. ఒకే ప్రత్యర్థితో శుక్ర, శని, ఆదివారాల్లో వరసగా మూడు ఆటలు. వారం మధ్యలో, సాధారణంగా మంగళవారం, చుట్టుపక్కల కాలేజీతో ఇంకొకటి. ఫిబ్రవరి మధ్యలో మొదలై మే దాకా ఇలా 56 ఆటల వరకు సాగుతాయి. దాదాపు రోజూ ఆడే వృత్తి జట్లకు ఐదుగురు స్టార్టింగ్ పిచర్లు కావాలి. కళాశాల జట్టుకు గట్టివాళ్లు ముగ్గురుంటే చాలు. ఆ ముగ్గురిలో ఎవరిని ఏ రోజు దింపాలి, ఎన్ని బంతులయ్యాక తప్పించాలి, బ్యాటింగ్ వరసలో ఎవరి వెనుక ఎవరు రావాలి అంటూ లూసియానాలోని బాటన్ రూజ్‌లో, ఆర్కాన్సాలోని ఫాయెట్‌విల్‌లో, టెక్సస్‌లోని ఆస్టిన్‌లో అభిమానులు వారమంతా వాదించుకుంటారు. స్కోరు పుస్తకం ఒళ్లో పెట్టుకుని బంతి బంతికీ గుర్తు వేసుకునే పెద్దవాళ్లు ఆ గ్యాలరీల్లో ఇప్పటికీ కనిపిస్తారు. కోచ్ వేయబోయే ఎత్తును ముందే పసిగట్టినవాడికి అక్కడ దక్కే గౌరవం అంతా ఇంతా కాదు.

శుక్రవారం రాత్రి జట్టులోని మేటి పిచర్‌ది. ఎల్‌ఎస్‌యూ, అంటే లూసియానా స్టేట్ యూనివర్సిటీ, 2023లో ఆ రాత్రిని పాల్ స్కీన్స్‌కు అప్పగించింది. అంతకుముందు వైమానిక దళ అకాడమీ జట్టులో క్యాచర్‌గానూ పిచర్‌గానూ ఆడిన కుర్రాడు. ఆ ఒక్క సీజన్‌లో 209 మందిని స్ట్రైకవుట్ చేసి, అదే కళాశాలకు చెందిన బెన్ మెక్‌డొనాల్డ్ 1989లో నెలకొల్పిన 202 రికార్డును చెరిపేశాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు 1.69. గంటకు 100 మైళ్ల బంతి గురించే అందరూ మాట్లాడతారు గానీ, అతని అసలు విలువ వేరే చోట ఉంది. శుక్రవారం స్టార్టర్ ఏడెనిమిది ఇన్నింగ్స్ లాగితే బుల్‌పెన్‌లోని రిలీవర్లకు ఆ రాత్రి సెలవు. వాళ్లంతా శని, ఆదివారాలకు తాజాగా మిగులుతారు. నాలుగో ఇన్నింగ్స్‌లోనే అతను చేతులెత్తేస్తే శుక్రవారం గెలిచినా ఆదివారం మునిగినట్టే. అందుకే తెలిసిన అభిమాని శుక్రవారం ఆట ముగిశాక, ఇంకా చెయ్యి విప్పని పిచర్లు ఎందరని లెక్క చూసుకుంటాడు.

ఎదుటి జట్టు మేటి పిచర్‌కు జడిసి తమ మేటిని శనివారానికి జరిపే కోచ్‌లు ఉన్నారు. శుక్రవారం ఎలాగూ పోతుంది, మిగతా రెండూ పట్టుకుందాం అన్నది వాళ్ల లెక్క. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ పదివేల మంది ముందు తొలి రాత్రే ఓటమి ఒప్పుకున్న జట్టు మిగతా రెండు రోజులు తల ఎత్తడం అరుదు.

శనివారానికి మొదటివాడికి భిన్నమైనవాడు కావాలి. శుక్రవారం కుడిచేతి వేగం చూసిన బ్యాటర్లకు మర్నాడు ఎడమచేతి నిదానం చూపిస్తే కాళ్లు తడబడతాయి. ఇక ఆదివారం సంగతి. జట్లు ముందుగా విడుదల చేసే పట్టికలో ఆ రోజు పిచర్ పేరు ఉండాల్సిన చోట తరచూ ‘టీబీఏ’ అని ఉంటుంది, అంటే తర్వాత చెబుతామని. రెండు రోజుల్లో ఎవరు అలిసిపోయారో చూసుకున్నాక గానీ అక్కడ పేరు పడదు. వేగం లేకపోయినా అనుకున్న చోట బంతి వేయగల మూడో, నాలుగో ఏడాది కుర్రాడికి అది దక్కినప్పుడే ఈ ఆటలోని చదువు కనిపిస్తుంది. ఏ బంతి వేయాలో చాలా జట్లలో డగౌట్ నుంచి కోచే చెబుతాడు. ఒకప్పుడు సైగలతో, ఇప్పుడు చిన్న ఎలక్ట్రానిక్ పరికరంతో. కాబట్టి పిచర్ మీద విరుచుకుపడే అభిమాని సగం తిట్లు కోచ్‌కు దాచుకోవడం న్యాయం.

బ్యాటింగ్ వరస మరో విద్య. టెక్సస్‌లో చదువుకో ఉద్యోగానికో వెళ్లి, క్రికెట్ కళ్లతో ఈ ఆట చూసే తెలుగువాళ్లకు మొదట కొత్తగా తోచేది, అవుటైనవాడు మళ్లీ బ్యాటు పట్టుకు రావడం. తొమ్మిది మంది ఆట పొడుగునా గుండ్రంగా తిరుగుతూనే ఉంటారు. అందువల్ల తొమ్మిదోవాడంటే తోక కాదు, వాడి వెనుక మళ్లీ మొదటివాడే వస్తాడు. మొదటి స్థానంలో ఎలాగోలా బేస్ చేరేవాడు, రెండులో జట్టులోకెల్లా నికార్సైన బ్యాటర్, మూడు నాలుగుల్లో పరుగులు ఊడ్చేవాళ్లు, తొమ్మిదిలో కాళ్లలో వేగం ఉన్నవాడు. ఎడమ, కుడి చేతివాళ్లను ఒకరి తర్వాత ఒకరిని పేర్చితే ఎదుటి కోచ్ ఒకే రిలీవర్‌తో ముగ్గుర్ని తుడిచిపెట్టలేడు. ఒకసారి బయటికి వెళ్లిన ఆటగాడు ఆ ఆటలో తిరిగి రాకూడదు కాబట్టి, ఏడో ఇన్నింగ్స్‌లో తొందరపడి చేసిన మార్పు పదకొండో ఇన్నింగ్స్‌లో కాటేస్తుంది.

తొమ్మిదో స్థానం విలువకు 1996 ఫైనల్ సాక్షి. మయామీ మీద ఎల్‌ఎస్‌యూ ఒక్క పరుగు వెనుకబడి ఉంది. చివరి ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్, మూడో బేస్‌లో ఒకడు. మణికట్టు ఎముక విరిగి సీజన్‌లో చాలా భాగం బయట కూర్చున్న వారెన్ మోరిస్ బ్యాటు పట్టుకొచ్చాడు. మొదటి బంతినే కుడివైపు గోడ దాటించాడు. 9-8. ఆ ఏడాది అతనికి అదొక్కటే హోమ్‌రన్. కోలుకున్నాడో లేదో తెలియని కుర్రాడిని వరసలో ఉంచిన కోచ్ స్కిప్ బర్ట్‌మన్ 1991, 1993, 1996, 1997, 2000 సంవత్సరాల్లో ఐదు టైటిళ్లు గెలిచాడు. ఆయన్ను మించిన కోచ్ ఉన్నాడని బాటన్ రూజ్‌లో ఎవరైనా అంటే మర్యాదగా వినరు. అనే ధైర్యం ఉన్నవాళ్లు ఆగీ గరీడో పేరు చెబుతారు. కాల్‌స్టేట్ ఫుల్లర్టన్‌తో మూడు, టెక్సస్‌తో రెండు, ఆయనవీ ఐదే. బంట్‌ను, అంటే బ్యాటు ఊపకుండా బంతిని మెత్తగా తాకించి దగ్గర్లోనే పడేయడాన్ని, ఆయన ప్రేమించినట్టు ఇంకెవరూ ప్రేమించలేదు.

చరిత్ర క్లుప్తంగా చాలు. ఛాంపియన్‌షిప్ 1947లో మొదలైంది. తర్వాత అమెరికా అధ్యక్షుడైన పెద్ద జార్జ్ బుష్ ఆ తొలి ఫైనల్లో యేల్ జట్టు ఫస్ట్ బేస్‌మన్. 1950 నుంచి నెబ్రాస్కాలోని ఒమాహాయే వేదిక. కర్ర బ్యాట్లు విరిగి ఖర్చు తడిసి మోపెడవుతోందని 1974లో అల్యూమినియం బ్యాట్లకు తలుపు తెరిచారంటారు. 1998 ఫైనల్ 21-14తో ముగిసేసరికి పెద్దలకు సిగ్గేసినట్టుంది. 2011 నుంచి బ్యాటుకున్న స్ప్రింగు గుణాన్ని తగ్గించే ప్రమాణం వచ్చింది.

అసలు పరీక్ష జూన్‌లో. 64 జట్లు నాలుగేసి చొప్పున పదహారు రీజినళ్లలో ఆడతాయి. రెండు ఓడితే ఇంటికి. తొలి ఆట ఓడిన జట్టు పైకి రావాలంటే నాలుగు రోజుల్లో ఐదు ఆటలు ఆడాలి. ఆ తర్వాత మూడింట రెండు గెలవాల్సిన సూపర్ రీజినల్, ఆపైన ఎనిమిది జట్ల ఒమాహా. సీజనంతా ముగ్గురితో నెట్టుకొచ్చిన కోచ్‌కు ఇక్కడ నాలుగో పిచర్ కావాలి, ఐదో పిచర్ కావాలి. ఉన్నవాడిని గుర్తుపట్టగలిగే కన్ను కావాలి.

ఆ కన్ను సౌత్ కెరొలైనా కోచ్ రే టానర్‌ది. 2010లో ఒమాహాలో చిరకాల ప్రత్యర్థి క్లెమ్సన్‌తో ఆట. ఓడితే సీజన్ ముగుస్తుంది. మైకేల్ రోత్‌ను స్టార్టర్‌గా దింపాడు. అప్పటిదాకా ఒకరిద్దరు ఎడమచేతి బ్యాటర్ల కోసం చివర్లో పిలిచే రిలీవర్ అతను, స్టార్ట్ చేసి ఏడాది దాటింది. రోత్ తొమ్మిది ఇన్నింగ్స్ తానే వేసి, మూడే హిట్లిచ్చి 5-1తో గెలిపించాడు. ఆ జట్టు ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ టైటిల్ కొట్టింది. వేగం కొలిచే యంత్రం చేతికిచ్చి జట్టును ఎంచుకోమంటే రోత్‌ను ఎవరూ ఎంచరు.

2021 ఫైనల్ సిరీస్ మూడో ఆటలో వాండర్‌బిల్ట్ తరఫున కుమార్ రాకర్ దిగాడు. తల్లి వైపు భారతీయ మూలాలున్న ఈ కుర్రాడు 2019 సూపర్ రీజినల్‌లో డ్యూక్‌కు ఒక్క హిట్టూ ఇవ్వకుండా 19 స్ట్రైకవుట్లు చేసినవాడు. ఎదురుగా మిసిసిపీ స్టేట్ మూడు రోజుల విశ్రాంతి మాత్రమే దొరికిన విల్ బెడ్నార్‌ను నమ్మింది. బెడ్నార్ ఆరు ఇన్నింగ్స్ హిట్ లేకుండా లాగాడు, లాండన్ సిమ్స్ మిగతా మూడూ ముగించాడు. ఇద్దరూ కలిసి ఇచ్చింది ఒక్క హిట్, స్కోరు 9-0.

అయితే కళాశాల ఆటలో పిచర్లను పొదుపు చేసే విద్యకు నిండు ఉదాహరణ 2023 ఎల్‌ఎస్‌యూ. పక్షపాతం అన్నా సరే. జూన్ 22న టాప్ సీడ్ వేక్ ఫారెస్ట్‌తో సెమీఫైనల్. స్కీన్స్ 120 బంతుల్లో ఎనిమిది ఇన్నింగ్స్, అవతల రెట్ లౌడర్ ఏడు, ఎవరూ పరుగివ్వలేదు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో వేక్ ఫారెస్ట్ బంట్ చేసి మూడో బేస్ వాడిని ఇంటికి పరుగెత్తించింది. ఫస్ట్ బేస్‌మన్ ట్రే మోర్గన్ ముందుకు దూకి, బంతి అందుకున్న ఊపులోనే క్యాచర్ అలెక్స్ మిలాజోకు విసిరాడు. అవుట్. ఫస్ట్ బేస్‌లో ఎంత మొద్దు చేతులవాడినైనా పెట్టొచ్చు, బ్యాటింగ్ వస్తే చాలు అనేవాళ్లు ఆ ఒక్క బంతిని పదిసార్లు చూడాలి. పదకొండో ఇన్నింగ్స్‌లో డిలన్ క్రూస్ బేస్ చేరాడు, వెనుకనే టామీ వైట్ హోమ్‌రన్, 2-0. క్రూస్ వెనుక వైట్ ఎందుకని అడిగేవాళ్లకు అంతకన్నా జవాబు లేదు.

ఆ రాత్రి చివరి మూడు ఇన్నింగ్స్ వేసింది థాచర్ హర్డ్. ఫ్లోరిడాతో ఫైనల్ సిరీస్ తొలి ఆటలో టై ఫ్లాయిడ్ 17 స్ట్రైకవుట్లు చేశాడు, పదకొండు ఇన్నింగ్స్‌కు 4-3 గెలుపు. మర్నాడు 24-4తో చిత్తు. ఆ ఓటమిలోనే కోచ్ జే జాన్సన్ తెలివి ఉంది. పోయిన ఆట వెంట మంచి పిచర్లను తగలేయలేదు. మూడో రోజు స్కీన్స్‌ను తెమ్మని సగం గ్యాలరీ కోరుకుంటున్నా, మూడు రోజుల విశ్రాంతి దొరికిన హర్డ్‌కే బంతిచ్చాడు. మొదటి ఇన్నింగ్స్‌లో రెండు పరుగులిచ్చినా తప్పించలేదు. హర్డ్ ఆరు ఇన్నింగ్స్ నిలిచాడు. 18-4. ఫైనల్ సిరీస్‌లో స్కీన్స్ ఒక్క బంతీ వేయలేదు.

తప్పిన లెక్కలూ ఉన్నాయి. 2021లో టాప్ సీడ్ ఆర్కాన్సాకు కెవిన్ కాప్స్ ఉన్నాడు. దేశంలోనే అత్యుత్తమ ఆటగాడిగా గోల్డెన్ స్పైక్స్ అవార్డు అందుకున్న రిలీవర్. నార్త్ కెరొలైనా స్టేట్‌తో సూపర్ రీజినల్ తొలి ఆట 21-2తో గెలిచి, రెండోది ఒక్క పరుగుతో ఓడింది. మూడో ఆటకు కోచ్ డేవ్ వాన్ హార్న్ కాప్స్‌నే స్టార్టర్‌గా దింపాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, వంద బంతులు ఎప్పుడో దాటాక, ఒక హోమ్‌రన్ పడింది, 3-2 ఓటమి. ఎనిమిది ఇన్నింగ్స్‌కు కాప్స్‌ను తప్పించి ఉండాల్సిందని కొందరు, అతన్ని మించినవాడు ఎవరున్నారని కొందరు. ఫాయెట్‌విల్‌లో ఆ గొడవ నేటికీ తెగలేదు. దింపడం సబబే, తొమ్మిదో ఇన్నింగ్స్‌కు పంపడమే తప్పు.

ఇప్పుడు ఈ విద్యను కరిగిస్తున్నది నకలు. వృత్తి జట్లు ఒక్కొక్కరి చేత ఒకటి రెండు ఇన్నింగ్స్ వేయించి ఆట గడిపే పద్ధతి తెచ్చాయి. దాని వెనుక లోతైన బుల్‌పెన్, పెద్ద గణాంక విభాగం ఉన్నాయి. అవేమీ లేని కళాశాల కోచ్ అదే వేషం కట్టి, శుక్రవారం ఆరుగురిని వాడేసి, ఆదివారం మొదటి ఏడాది పిల్లాడిని బలిపెడతాడు. పిచర్‌ను ఎంచుకోవాలంటే చూసేది వేగం చూపే యంత్రాన్నే. 87 మైళ్ల వేగంతో బ్యాటర్‌ను బోల్తా కొట్టించే ఎడమచేతి కుర్రాడికి తలుపు తెరిచే జట్టు వెతికినా దొరకదు. వరసలో తొమ్మిది మందీ హోమ్‌రన్‌కే బ్యాటు ఊపుతారు, బంట్ వేయమంటే ముఖం చిట్లిస్తారు. 2021 నుంచి ఏడాది ఆగకుండా కళాశాల మారే వెసులుబాటు వచ్చాక, మూడేళ్లు ఒకడిని తీర్చిదిద్ది ఆదివారం పిచర్‌గా నిలబెట్టే ఓపిక ఎవరికీ లేదు. స్కీన్స్, వైట్, హర్డ్ ముగ్గురూ అలా వేరేచోట నుంచి వచ్చినవాళ్లే కదా అంటే, నిజమే. ఎల్‌ఎస్‌యూ అభిమానులు ఈ మాట దగ్గర గొంతు తగ్గిస్తారు.

ఇంకా మండాల్సిన విషయం కుర్రాళ్ల భుజాలు. 2009లో ఆస్టిన్‌లో టెక్సస్, బోస్టన్ కాలేజీ 25 ఇన్నింగ్స్ ఆడాయి. కళాశాల చరిత్రలో అంత పొడుగాట లేదు. రిలీవర్ ఆస్టిన్ వుడ్ 13 ఇన్నింగ్స్‌లో 169 బంతులు వేశాడు, అందులో 12కు పైగా ఇన్నింగ్స్ హిట్ లేకుండా. టెక్సస్ 3-2తో గెలిచింది, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కోచ్ గరీడోయే. 2018లో ఒరెగాన్ స్టేట్ మొదటి ఏడాది కుర్రాడు కెవిన్ ఏబెల్ ఒకే ఒమాహాలో నాలుగు విజయాలు తన పేర రాయించుకున్నాడు. చివరి ఆటలో ఆర్కాన్సా మీద 129 బంతులు, రెండే హిట్లు, వరసగా చివరి ఇరవై మంది అవుట్. మరుసటి ఏడాది అతని మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. ఒకదానివల్లే ఇంకొకటి జరిగిందని ఎవరూ రుజువు చేయలేరు. కానీ ఆ ఆట చూసి పులకించినవాళ్లు ఆ వార్తను చదవకుండా దాటేయకూడదు.

హైస్కూళ్లలో వేసిన బంతుల సంఖ్యను బట్టి విశ్రాంతి రోజులు ఖరారు చేసే నియమం ప్రతి రాష్ట్రంలో ఉండాలని 2017 నుంచి జాతీయ సమాఖ్య పట్టుబట్టింది. కళాశాల క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ అలాంటి పరిమితి పెట్టలేదు. నిర్ణయం కోచ్ మనసాక్షికి వదిలేసింది. జూన్‌లో కోచ్ మనసాక్షి మీద స్కోరుబోర్డు నీడ పడుతుంది. వంద బంతులు దాటినవాడికి నాలుగు రోజులు బంతి ఇవ్వకూడదన్న నియమమైనా ఒమాహాకు ముందు రావాలి. దాన్ని అడగాల్సినవాళ్లు అభిమానులే. అలాంటి నియమంతో పాటు ఒక ఆటలో వేయదగిన బంతులకూ హద్దు ఉండి ఉంటే వుడ్ రాత్రి అలా సాగేది కాదు, ఏబెల్ ఆఖరి ఆట సగంలో ఆగేది. రోత్ ఆట ఉండేది, హర్డ్ ఆట ఉండేది, ఆదివారం పట్టికలో టీబీఏ అన్న చోట మరికొందరి పేర్లు పడేవి.