బండి చక్రం పట్టా నుంచి హెరాల్డ్ బానెట్ దాకా

రేపల్లె దగ్గర ఒక పాత పశువుల కొట్టంలో ఆ కారును మొదటిసారి చూసినప్పుడు దాని మీద వరిగడ్డి మోపులు, కోళ్ళ గంప, ఒక విరిగిన కాడి ఉన్నాయి. ఏనాటిదో గాలివానకు పక్కనున్న తాటిచెట్టు కొట్టం మీద కూలి, దూలంతో సహా కారు ముందుభాగం మీదికి దిగిందట. బానెట్ మధ్యలో మూరెడు వెడల్పున గుంట. కుడి ముందు చక్రం లోపలికి వాలిపోయింది. తలుపుల కింది గడప రేకులు నేల తేమకు చివికి, వేలు పెడితే అటుకుల్లా రాలుతున్నాయి. పాత ఇనుము కింద తూకానికి ఇచ్చే బేరం అప్పటికే కుదిరింది. ఆ ధర మీద మరికొంత కలిపి ఇచ్చి, లారీ మీద తెనాలి తెచ్చుకున్నాను.

అది స్టాండర్డ్ హెరాల్డ్. ఇప్పటి పిల్లలకు ఆ పేరు తెలియకపోవచ్చు. డెబ్బై దాటిన డాక్టరుగారినో ప్లీడరుగారినో అడిగితే మాత్రం కళ్ళు మెరుస్తాయి. 1961 నుంచి మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా ఈ కారు తయారుచేసింది. 948 సీసీ చిన్న ఇంజను. ముందు చక్రాలు ఎంత తిరుగుతాయంటే, సుమారు 25 అడుగుల స్థలం ఉంటే చాలు, కారు వెనక్కి మళ్ళుతుంది. తెనాలి బజారు సందుల్లో ఆ గుణం ఎంత విలువైనదో అక్కడ బండి నడిపినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

నేను దాని వెంట పడడానికి అసలు కారణం వేరు. 1962లో ఇంగ్లండులో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు వచ్చింది. హెరాల్డ్‌కు రూపం గీసిన ఇటలీ శిల్పి జొవాన్నీ మికెలోట్టీయే దానికీ గీశాడు. చక్రాల మధ్య 91.5 అంగుళాలున్న హెరాల్డ్ ఛాసిస్‌ను 83 అంగుళాలకు కుదించి, దాని మీద కట్టారు. ముందు చక్రాల అమరిక, వెనక ఊగే ఇరుసు, అడ్డంగా పడుకోబెట్టిన కమాను పట్టీ అన్నీ ఆ ఇంటివే. నిఖార్సయిన స్పోర్ట్స్ కారు మన డెల్టా ఊళ్ళలో చూడడం అరుదు. దాని తోబుట్టువు మాత్రం మన గడ్డివాముల పక్కనే పడుంది. ఒకదాన్ని బాగుచేయడం నేర్చిన చెయ్యి రెండోదాన్నీ బాగుచేయగలదు.

హెరాల్డ్ ఒంటి నిర్మాణం వెనక ఒక కథ ఉంది. అంతవరకు ఇంగ్లండులో ఈ కారు అసలు తయారీదారైన స్టాండర్డ్ ట్రయంఫ్ వాళ్ళకు బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్‌లో కంపెనీని 1953లో పోటీదారైన బీఎంసీ కొనేసింది. మొత్తం బాడీని ఒకేచోట అచ్చుపోసి ఇచ్చేవాళ్ళు లేకపోయేసరికి, ఛాసిస్‌ను విడిగా ఉంచి, బాడీని ముక్కలుగా చేయించి బోల్టులతో బిగించే పద్ధతి పట్టారు. ఆ ఇబ్బంది మనకు వరమైంది. ఇలా విడదీయగల కారును దూరదేశాల్లో బిగించుకోవడం సులువు గనకే అది మద్రాసు దాకా వచ్చింది. పానాలు, జాకీ, ఓపిక ఉన్నవాడు దాన్ని పెరట్లోనే విప్పగలడు. బానెట్, రెండు మడ్‌గార్డులు ఒకే ముక్కగా ముందుకు తెరుచుకుంటాయి. ఇంజను పక్కన చక్రం మీదే కూర్చుని పని చేసుకోవచ్చు.

విప్పే ముందు కొలవాలి. ఛాసిస్ మీద నాలుగు మూలల్లో ఒకే రకం బోల్టు రంధ్రాలు ఎంచుకుని, ఐమూలగా దారం పట్టి చూడాలి. రెండు ఐమూలలూ సమానంగా ఉంటే ఛాసిస్ వంకర పోలేదన్నమాట. నా కారుకు తేడా గోరంత కూడా లేదు. ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాను. తర్వాత అయస్కాంతం పట్టుకుని బాడీ అంతా తిరగాలి. అది అంటుకోని చోట రంగు కింద పుట్టీ మందంగా ఉన్నట్టు. విప్పిన ప్రతి బోల్టునూ డబ్బాల్లో వేసి, పేరు రాసి, ఫొటో తీయాలి. బిగుసుకుపోయిన నట్టుతో పట్టుదలకు పోకూడదు. తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా ఉంచి, మర్నాడు ఆ నూనె శుభ్రంగా తుడిచాక కాస్త సెగ చూపి తిప్పితే చాలావరకు దారికొస్తాయి.

ఇక రేకు పని. ఇక్కడే మా మేస్త్రిగారి గురించి చెప్పాలి. డెబ్బై దగ్గరపడిన మనిషి. వాళ్ళ తాతగారు బాపట్ల వైపు ఒక పల్లెలో ఎడ్లబండ్ల చక్రాలకు ఇనుప పట్టాలు తొడిగిన కమ్మరి. మొదటిరోజు నేను సుత్తి పట్టుకుని బానెట్ గుంట మీదికి వెళ్ళబోతే, చెయ్యి అడ్డం పెట్టారు.

“కొట్టబాకండి బాబూ. ముందు తడమండి. రేకు ఎటు పోయిందో చెయ్యే చెప్పిద్ది.”

అరచేతికీ రేకుకీ మధ్య పల్చటి నూలుగుడ్డ పెట్టి, కళ్ళు మూసుకుని మెల్లగా జరిపారు. కంటికి కనబడని ఎగుడుదిగుళ్ళు గుడ్డ జారుతుంటే తెలుస్తాయి. దెబ్బలు పడిన వరసకు తిరగేసి తీయాలన్నది ఆయన మొదటి పాఠం. తాటిమాను తగిలినచోట గుంట ముందు పడింది. దాని చుట్టూ మడతలు ఆ తర్వాత పడ్డాయి. అంచు మడతలను ముందు విప్పితే నడిమి గుంట సగం దానంతటదే లేస్తుంది. నేరుగా గుంటను కొడితే మడతలు తాళం వేసినట్టు బిగుసుకుని, రేకు ఇంకా సాగుతుంది.

రేకు కింద ఒక చేత్తో డాలీ అనే ఇనుప దిమ్మ పట్టుకుని పైనుంచి సుత్తితో కొట్టడంలో రెండు రకాలున్నాయి. డాలీ సరిగ్గా సుత్తి కిందే ఉంటే రేకు నలిగి సాగుతుంది. డాలీని పల్లం కింద ఆనించి, సుత్తితో పక్కనున్న మిట్టను కొడితే మిట్ట దిగుతుంది, పల్లం లేస్తుంది. కొత్తవాడు మొదటిది ఎక్కువ చేస్తాడు. నేనూ చేశాను. ఫలితంగా బానెట్ నడిమి భాగం వదులై, వేలితో నొక్కితే నూనె డబ్బా అడుగులా టప్‌మని లోపలికి పోయి, వదిలితే పైకి వచ్చేది.

సాగిన రేకును ముడవడానికి మేస్త్రిగారు గ్యాస్ మంట తెచ్చారు. రూపాయి బిళ్ళంత చోటును నేరేడుపండు రంగు దాటి ఎర్రబడేదాకా కాల్చారు. చుట్టూ ఉన్న చల్లని రేకు పక్కలకు జరగనివ్వదు గనక, కాలినచోటు మందమై పైకి ఉబ్బుతుంది. దాన్ని చెక్క సుత్తితో రెండు మూడు దెబ్బల్లో అణిచి, వెంటనే తడిగుడ్డ అద్దారు. చల్లారుతూ ముడుచుకున్న ఆ బిళ్ళ చుట్టూ ఉన్న రేకును తనవైపు లాక్కుంది. అలాంటివి పదకొండు చోట్ల పెట్టారు. టప్‌మనే చప్పుడు పోయింది.

“పట్టా తొడిగే పనే కదండీ ఇది,” అన్నారు.

చిన్నప్పుడు నేను ఆ పని చూశాను గనక ఆ మాట నాకు సూటిగా తగిలింది. చక్రం చుట్టుకొలత కంటే కొంచెం తక్కువగా పట్టాను అతికేవారు. నేల మీద పిడకలు గుండ్రంగా పేర్చి, మధ్యలో పట్టా పెట్టి కాల్చేవారు. ఒకటిన్నర మీటర్ల అడ్డకొలత ఉన్న చక్రానికి పట్టా పొడవు 4.7 మీటర్లు. 500 డిగ్రీలు వేడెక్కితే ఇనుము సుమారు 2.8 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఆ కాస్త పెరుగుదలలోనే నలుగురు పట్టకార్లతో పట్టాను ఎత్తి చక్రానికి తొడిగి, బిందెలతో నీళ్ళు కుమ్మరించేవారు. పొగ, ఆవిరి, చెక్కలు బిగుసుకుంటూ చేసే కిర్రుకిర్రు. ఇనుము ముడుచుకుని ఆకులను కుండలోకి నొక్కేది. మేకు ఒక్కటి లేకుండా చక్రం ఏకశిలలా తయారయ్యేది. ఇనుము వేడికి ఎంత జరుగుతుంది, చల్లబడితే ఎంత లాగుతుంది అన్న ఎరుక డెల్టా కమ్మరిళ్ళలో తరాలుగా ఉంది. ఎడ్లబండ్లు తగ్గాక ఆ ఎరుక ట్రాక్టరు ట్రక్కుల మీదికి, లారీ క్యాబిన్ల మీదికి, కార్ల మీదికి చేరింది. టింకరింగ్ అని ఇంగ్లీషు పేరు పెట్టాం గానీ, చెయ్యి పాతదే.

తుప్పు మన ప్రాంతానికి పెద్ద శత్రువు. బాపట్ల సూర్యలంక వైపు నుంచి ఉప్పుగాలి, రేపల్లె వైపు కాలువల తేమ. రంగు పొట్టు లేచిన చోట ఉప్పు చేరితే, అది గాలిలోని చెమ్మను పట్టి ఉంచి రేకును లోపల్నుంచి తింటుంది. చిన్న భాగాలకు మేం చెరకు మడ్డి వాడాం. ఒక వంతు మడ్డికి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి, డ్రమ్ములో రెండు మూడు వారాలు నానబెట్టాం. కంపు భరించాలి. తీసి కడిగితే తుప్పు పోయి బూడిదరంగు ఇనుము బయటపడింది, మంచి లోహం చెక్కుచెదరలేదు. అల్యూమినియం భాగాలను మాత్రం అందులో వేయకూడదు. తొందరగా కావాలంటే చాకలిసోడా నీళ్ళలో 12 వోల్టుల ఛార్జరు పద్ధతి ఉంది. తుప్పు వస్తువు రుణ ధ్రువానికి, పనికిరాని ఇనుప ముక్క ధన ధ్రువానికి తగిలిస్తారు. ఆ ముక్క స్టెయిన్‌లెస్ స్టీలు కాకూడదు, నీళ్ళలో విషపు క్రోమియం చేరుతుంది. హైడ్రోజన్ వాయువు పుడుతుంది గనక ఆరుబయటే చేయాలి.

చివికిన గడపలను కోసే ముందు తలుపు ఖాళీల్లో అడ్డంగా ఇనుప కమ్మీలు అతికించాం. లేకపోతే బాడీ నడుము వంగి, తర్వాత తలుపులు పడవు. హెరాల్డ్‌కు ఛాసిస్ పక్క కమ్మీలు ఉన్నాయి గనక కొంత నయం. స్పిట్‌ఫైర్‌కు ఆ కమ్మీలు తీసేశారు. దాని బలంలో పెద్దపాలు గడపలదే. అక్కడ తొందరపడితే కారు రెండుగా మడిచినట్టే. కొత్త రేకును పాతదానికి అంచుకు అంచు చేర్చి, ఒకచోట చుక్క వెల్డింగు పెట్టి, జానెడు అవతల ఇంకొకటి పెట్టి, చల్లారనిచ్చి మళ్ళీ రావాలి. ఏకబిగిన అతికిస్తే రేకు వేడికి అలల్లా లేస్తుంది.

అతుకుల మీద పుట్టీ పూయడం అందరూ చేసే పని. మేస్త్రిగారు సీసం పోశారు. ఇదీ మన ఇళ్ళకు కొత్త కాదు. రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్ళు వీధిలో కొలిమి పెట్టుకుని, గిన్నె వేడెక్కాక నవసాగరం చల్లి, తగరం రాసి, పత్తితో మెరిసేలా తుడిచేవారు. రేకుకూ ముందు అలాగే తగరపు పూత పట్టించి, ఆ మీద తగరం, సీసం కలిపిన కడ్డీని మెత్తబడేదాకా కాచి, నూనె రాసిన చెక్కబద్దతో మైనంలా సర్దుతారు. చల్లారాక ఆకురాయితో రుద్దుతారు. గ్రైండరు పెట్టకూడదు, సీసం ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పుట్టీ నీళ్ళు పీల్చి కొన్నేళ్ళకు పొరలు లేస్తుంది. సీసం రేకులో కలిసిపోయి ఉంటుంది.

చెట్టు దెబ్బకే ముందు చక్రం వాలిపోయిందని నేననుకున్నాను. విప్పి చూస్తే వేరే సంగతి. హెరాల్డ్‌కూ స్పిట్‌ఫైర్‌కూ ముందు చక్రాన్ని మోసే నిలువు కడ్డీ, కింద ఇత్తడి ట్రనియన్ అనే మరలో కూర్చుని తిరుగుతుంది. అందులో గేరు ఆయిల్ పోయాలి. ఎవరో ఏళ్ళ తరబడి గ్రీజు కొట్టారు. గ్రీజు గట్టిపడి, మర ఎండి, తుప్పుపట్టి, కడ్డీ తెగింది. ఈ కారు తెచ్చుకునే ఎవరైనా మొట్టమొదట చూడవలసింది ఇదే. స్పిట్‌ఫైర్ ప్రేమికుల పుణ్యాన ఆ విడిభాగాలు ఇంగ్లండులో ఇంకా తయారవుతున్నాయి. చిల్లర సామాను విజయవాడ ఆటోనగర్‌లో వెతికాం. ఇంజను బోరు పని తెనాలిలోనే ఒక లేత్ షాపులో అయింది. పొలాల డీజిలు ఇంజన్ల వల్ల బతికున్న ఆ షాపులే పాత కార్లకూ దిక్కు.

రంగు వేయడానికి మేస్త్రిగారు ఫాల్గుణం దాకా ఆగమన్నారు. ఆవిరయ్యే థిన్నరు రేకును చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే అది రేకు మీద పడి, రంగు బూజు పట్టినట్టు తెల్లబారుతుంది. పుష్యమాసపు మంచు ఉదయాలు అందుకే పనికిరావు. ఎండెక్కి నేల ఆరాక, పదింటి తర్వాత మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించాం.

తెనాలి ఇనుముకు దేశమంతా తెలిసిన ఇంకొక ముఖం ఉంది. సూర్య శిల్పశాల కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర వాహనాల పాత గేర్లు, చెయిన్లు, నట్లు, బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. 2021లో వాళ్ళు చేసిన ప్రధాని మోదీ 14 అడుగుల విగ్రహం పత్రికల్లో వచ్చింది. బండిగా బతకలేని ఇనుముకు అది గొప్ప గతి. బతకగల దాన్ని బతికించే చేతులకూ అంత గుర్తింపు రావాలని నా కోరిక. ఇప్పటి కార్లకు సొట్ట పడితే తలుపే మార్చేస్తున్నారు. రేకును తడిమి తెలుసుకునే పని నేర్చుకోవడానికి మా మేస్త్రిగారి దగ్గరికి వచ్చే కుర్రవాళ్ళు ఇద్దరే.

చట్టం కూడా ఈ చేతిపని వైపే ఉంది. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన వాహనాలకు విడిగా వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబరులో వీఏ అక్షరాలుంటాయి. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళ గడువు. ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉండాలన్నది షరతు. రోజువారీ తిరుగుడుకు కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు నడుపుకోవచ్చు.

అలాంటి ఒక ప్రదర్శనకు పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్ళాం. మేస్త్రిగారు పక్క సీట్లో కూర్చుని దారి పొడుగునా మాట్లాడలేదు, ఇంజను వింటున్నారు. తిరిగి ఇంటికొచ్చాక కాఫీ ఇస్తామన్నా ఆగలేదు.

“ముందు నీళ్ళ పైపు తెండి. ఉప్పుగాలిలో తిరిగొచ్చింది.”

మడ్‌గార్డుల లోపల, గడపల కింద, ఛాసిస్ మూలల్లో మంచినీళ్ళు పట్టి కడిగాం. గడపల అడుగున నీళ్ళు పోయే కన్నాలు ఒక్కొక్కటీ పుల్లతో పొడిచి చూశారు. అన్నీ కారాయి. తలుపులు రెండూ బార్లా తీసి, బానెట్ ముందుకు వంచి, కారును ఎండలో వదిలేశాం.