అంపశయ్యపై యువకుడు: రవి పాత్రయందలి నైతిక పరిణతి

హైదరాబాదు తూర్పుభాగమున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతముల వసతిగృహములలో, ఉద్యోగపరీక్షల శిక్షణకై పల్లెలనుండి వచ్చిన యువకులు పెక్కురు నివసించుచున్నారు. వారికి మిక్కిలి సన్నిహితుడనదగిన పాత్ర నవీన్ రచించిన 'అంపశయ్య' (1969) నవలలోని రవి. ఇతడు ఆ ప్రాంతమునకు ఉత్తరమున గల ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహమున నుండు పేద గ్రామీణ విద్యార్థి.

యువకుని నైతికవికాసమును మన నవలాకారులు తరచుగా సంవత్సరములతోను, కార్యములతోను కొలిచిరి. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' (1955)లో కంఠీరవము ప్రజలతో కలిసి పనిచేయుచు ఎదిగినాడు. 'అంపశయ్య'లోనివో ఒక్క దినమునందలి పదునారు గంటలు మాత్రమే. ఇంత స్వల్పకాలమున మనుష్యుడు ఎదుగునా?

సమాధానమునకు మార్గము నవల పేరుననే కలదు. భారతమున అంపశయ్య వృద్ధునిది. భీష్ముడు జీవితమంతయు గడపి, మరణమును తన ఇచ్ఛచే నిలుపుకొని, ధర్మజునకు ధర్మములను బోధించినాడు. నవీన్ ఆ శయ్యపై జీవితమింకను ఆరంభము కాని యువకుని పరుండబెట్టినాడు. ఇతనికి బోధింపదగిన ధర్మము లేదు. వెదకుకొనవలసిన ధర్మము కలదు. ఇతని నొప్పించు బాణములలో పేదరికము లోకము విసరినది. కామము, ఆత్మన్యూనత తనలో పుట్టినవి. ఈ రెండు తెగలను వేరుపరచి చూచుటయే పరిణతికి తొలిమెట్టు. చైతన్యస్రవంతి ఇచట కేవల శిల్పవిశేషము కాదు. పరులకు చెప్పుకొనరాని తలపును గూడ అది దాచనీయదు. కావున పాత్రకు తన్ను తాను సమర్థించుకొను వీలు తగ్గినది.

అయినను తలపు ఎంత నిష్కపటమైనను కార్యము కానేరదు. ఒక దినపు పరిధిలో రవి గడపవరకే వచ్చినాడు, దాటలేదు. అతని కథ 'ముళ్లపొదలు', 'అంతఃస్రవంతి' నవలలందు కొనసాగినది గనుక, పరిశోధకులు మూడింటిని కలిపి పరిశీలించుట యుక్తము.

నేటి వసతిగృహపు విద్యార్థి రవి దిగులులో తన దిగులును చూచి ఓదార్పు పొంది ఊరకుండు ప్రమాదము కలదు. ఆత్మజాలికిని ఆత్మపరీక్షకును గల భేదమును చూపుట అధ్యాపకుని విధి. గ్రుచ్చుకొన్న బాణములను లెక్కించుట జాలి. వానిలో తాను సంధించినవి ఎన్నియని అడుగుట పరీక్ష.